తిరుపతిలో ఎండాకాలం సెలవులు: ప్లానింగ్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మార్చిలో ఒంటిపూట బడులు మొదలవగానే తెలిసినవాళ్లు, అపార్ట్‌మెంట్‌లో తల్లులు, ఊళ్లోని చెల్లెళ్లు అడిగే ప్రశ్నలు దాదాపు ఇవే. తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల ఉండేవాళ్లను దృష్టిలో పెట్టుకుని జవాబులు రాశాను. వేరే ఊరి నుంచి ఇక్కడికి రాబోతున్నవాళ్లకు కూడా కొన్ని పనికొస్తాయి.

ప్లాన్ ఎప్పుడు మొదలుపెట్టాలి? సెలవులు ఇచ్చాక చూసుకుంటే సరిపోదా?

సరిపోదు. మన రాష్ట్రంలో స్కూళ్లకు మామూలుగా ఏప్రిల్ నాలుగో వారంలో సెలవులిస్తారు, జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు. ఏడు వారాలంటే చాలా కనిపిస్తుంది గానీ, మొదటి వారం పిల్లల నిద్రకే సరిపోతుంది, చివరి వారం పుస్తకాలు, ఫీజులు, యూనిఫాంలకు పోతుంది, మధ్యలో రెండు పెళ్లిళ్లు, ఒక గృహప్రవేశం ఎలాగూ ఉంటాయి. చేతికి మిగిలేది నాలుగు వారాలే.

అందుకని ఉగాదికి కొత్త క్యాలెండర్ గోడకు తగిలించిన రోజే కూర్చోండి. మన చేతుల్లో లేని తేదీలు ముందు రాయండి: పెళ్లిళ్లు, గంగ జాతర, ఇంటర్ సప్లిమెంటరీ, ఈఏపీసెట్ లాంటివి. మిగిలిన ఖాళీల్లోనే మన ప్లాన్ పెట్టుకోవాలి. రైలు రిజర్వేషన్ 2024 నవంబరు నుంచి 60 రోజుల ముందే తెరుస్తున్నారు, అంటే మే మధ్యలో ప్రయాణానికి మార్చి మధ్యలోనే బుక్ చేయాలి. తిరుమల 300 రూపాయల దర్శనం టికెట్లయితే దాదాపు మూడు నెలల ముందే విడుదలవుతాయి, మే నెలవి ఫిబ్రవరిలోనే అయిపోతాయి. వీటికి మాత్రం ఉగాది దాకా ఆగొద్దు.

ఈ ఎండల్లో బయటికెళ్లే ప్రోగ్రాం పెట్టుకోవచ్చా అసలు?

పెట్టుకోవచ్చు, టైం చూసుకోవాలి అంతే. నా మాట ఒక్కటే వింటామంటే ఈ జవాబు చదవండి చాలు. మన ఊళ్లో ఎండాకాలం ప్లాన్ పాడయ్యేది ఎక్కడికి వెళ్లాలో తేలక కాదు, ఏ గంటకు వెళ్లాలో పట్టించుకోక.

మే 4 నుంచి నెలాఖరు దాకా కత్తిరి, అంటే అగ్ని నక్షత్రం ఎండలు. అది పూర్తిగా పోకముందే, మే 25 ప్రాంతంలో రోహిణి కార్తె మొదలవుతుంది. రోహిణికి రోళ్లు పగులుతాయని పెద్దవాళ్లు ఊరికే అనలేదు. తిరుపతి, రేణిగుంట వైపు 40 డిగ్రీలు దాటడం మే నెలలో మామూలే, పైగా కొండ పక్కన ఉన్నాం కాబట్టి రాయి వేడి పొద్దుపోయేదాకా తగులుతూనే ఉంటుంది. అందుకే రోజును మూడు ముక్కలు చేసుకోండి. తెల్లవారి ఐదున్నర నుంచి తొమ్మిది వరకు బయటి పనులు, ఆటలు, నడక. పదకొండు నుంచి నాలుగు వరకు ఎవరూ గడప దాటొద్దు. ఐదు తర్వాత మళ్లీ బయటికి. రోజుకు బయటి పని ఒక్కటే పెట్టుకోండి, పొద్దున జూ పార్కు, మధ్యాహ్నం షాపింగ్, సాయంత్రం పెళ్లి రిసెప్షన్ అని పెట్టుకుంటే మర్నాడు ఇంట్లో ఇద్దరికి జ్వరం.

సరే, ఆ మధ్యాహ్నం ఐదు గంటలు పిల్లల్ని ఇంట్లో ఎలా ఉంచాలి? సెల్‌ఫోన్ ఇవ్వకపోతే ఊరుకోరు.

ఫోన్ పూర్తిగా మానిపించాలని పట్టుబట్టొద్దు, దానికి గంట పెట్టండి. భోజనం తర్వాత ఒక గంట అని చెబితే ఆ గంట ఇవ్వాలి, అది దాటితే మాత్రం ఇవ్వకూడదు. రోజుకో మాట మారిస్తేనే గొడవ.

మిగతా టైంకి మన ఇళ్లల్లోనే చాలా ఉన్నాయి. వామనగుంటలు, అష్టాచెమ్మా, పులిజూదం. పులిజూదానికి నేల మీద సుద్దముక్కతో గీతలు, నాలుగు చింతగింజలు, కొన్ని రాళ్లు చాలు, ఎనిమిదేళ్ల పిల్లాడు తాతను ఓడించాలని వారమంతా ఆలోచిస్తూనే ఉంటాడు. ఇంట్లో ఎండాకాలం పనులున్నాయి చూడండి, వాటిలో పిల్లల్ని కలపండి. వడియాలు పెట్టడం, మజ్జిగ మిరపకాయలు ఎండబెట్టడం, ఆవకాయకు ముక్కలు తుడవడం. పొద్దున్నే మేడ మీద గుడ్డ పరిచి వడియాలు పెట్టించండి, కాకుల్ని తోలే డ్యూటీ మాత్రం నీడలోనుంచి చెయ్యమనండి. ఆ వడియాలు ఆ ఏడాదంతా వాళ్లవే, వచ్చినవాళ్లందరికీ చెప్పుకుంటారు.

గ్రంథాలయాన్ని మర్చిపోకండి. ప్రభుత్వ గ్రంథాలయాల్లో సెలవుల్లో పిల్లలకు వేసవి విజ్ఞాన శిబిరాలు నడుస్తాయి, కథలు చదవడం, బొమ్మలు గీయడం లాంటివి, ఫీజేమీ ఉండదు. మీకు దగ్గర్లో ఉన్న శాఖకు వెళ్లి ఏప్రిల్‌లోనే అడగండి.

ఇంకో సంగతి. "బోర్ కొడుతోంది" అని పిల్లలంటే తల్లిదండ్రులకు టెన్షన్ మొదలవుతుంది. అవసరం లేదు. అరగంట అలా వదిలేస్తే వాళ్లే ఏదో ఒకటి మొదలుపెడతారు. సెలవుల్లో రోజంతా నింపేయాలని చూడటం నాకైతే అస్సలు నచ్చదు.

సమ్మర్ క్యాంపులో చేర్పించాలా?

ఒకదాంట్లో చేర్పించండి, మూడింట్లో కాదు. పిల్లల్నే అడగండి ఏది కావాలో. జిల్లా క్రీడా ప్రాధికార సంస్థ వాళ్లు మే నెలలో వేసవి శిక్షణ శిబిరాలు పెడతారు, ఖోఖో, వాలీబాల్, అథ్లెటిక్స్ లాంటివి, ఖర్చు తక్కువ, పైగా పొద్దున్నే ఉంటాయి కాబట్టి ఎండ సమస్య లేదు. ప్రైవేటు క్యాంపుకు డబ్బు కట్టే ముందు టైమింగ్ చూడండి. మధ్యాహ్నం రెండింటికి రేకుల షెడ్డులో డాన్స్ క్లాసంటే నేనైతే పంపను.

ఒక్కటే ఎంచుకోమంటే నా ఓటు ఈతకు. కోచ్ దగ్గరుండి నేర్పుతున్నాడా, ఒక్కో కోచ్‌కు ఎంతమంది పిల్లలు, చిన్నపిల్లలకు లోతు తక్కువ ఉన్న పూల్ విడిగా ఉందా, ఈ మూడూ మీ కళ్లతో చూసి చేర్పించండి. వచ్చే క్లాసు సిలబస్ ఇప్పుడే మొదలుపెట్టే ట్యూషన్ల గురించి అడుగుతారు. లెక్కల్లో వెనకబడితే రోజుకు అరగంట ఇంట్లో చూసుకోండి, అంతకుమించి వద్దు.

మాది తిరుపతి. సెలవులొస్తే బంధువులంతా దర్శనానికని మా ఇంట్లోనే దిగుతారు. మా పిల్లల సెలవులు వాళ్లకు వంట చెయ్యడంలోనే అయిపోతున్నాయి. ఏం చెయ్యాలి?

తిరుపతిలో ఇల్లున్నవాళ్లందరికీ ఈ ప్రశ్న ఉంది. రావద్దని ఎవరూ అనలేరు, అనకూడదు కూడా, స్వామి దగ్గరికి వస్తున్నారు. కానీ తేదీలు మనమే ముందు చెప్పొచ్చు. మార్చిలోనే ఫోన్ చేసి, "వదినా, మేం మే రెండో వారం ఊళ్లో ఉండం, మొదటి వారం గానీ జూన్ మొదట్లో గానీ రండి" అని చెప్పేస్తే ఎవరూ బాధపడరు. చెప్పకుండా వచ్చాక ముఖం మాడ్చుకుంటేనే బాధ.

దర్శనం టికెట్ల బాధ్యత మీ నెత్తిన వేసుకోకండి. తిరుపతిలో ఉన్నాం కాబట్టి మనకు టికెట్లు దొరికేస్తాయని బయటి ఊళ్లవాళ్లు అనుకుంటారు. అందరికీ ఒకే ఆన్‌లైన్, ఎవరి ఆధార్‌తో వాళ్లు టీటీడీ వెబ్‌సైట్‌లోనే బుక్ చేసుకోవాలి. మధ్యలో ఎవరో తెలిసినవాళ్లు ఇప్పిస్తామంటే డబ్బులు పంపొద్దని గట్టిగా చెప్పండి. టికెట్ దొరకనివాళ్లకు తిరుపతిలో శ్రీనివాసం, విష్ణు నివాసం, భూదేవి కాంప్లెక్స్ దగ్గర ఉచిత టైమ్ స్లాట్ టోకెన్లు ఇస్తారు, ఆ రోజు కోటా ఉన్నంత వరకే. అదీ దొరక్కపోతే నేరుగా సర్వదర్శనం క్యూలోకి వెళ్లొచ్చు, కానీ మే నెల శని ఆదివారాల్లో ఎన్ని గంటలు పడుతుందో ఎవరూ చెప్పలేరు. వీలుంటే మంగళ, బుధ, గురువారాలు ఎంచుకోమనండి.

నడిచి వెళ్తామనేవాళ్లకు: అలిపిరి దారి 3,550 మెట్లు, దాదాపు 9 కిలోమీటర్లు. శ్రీవారి మెట్టు దారి దాదాపు 2,400 మెట్లు, దూరం తక్కువ, కానీ నిటారుగా ఉంటుంది. ఏ దారైనా తెల్లవారుజామునే మొదలుపెట్టి ఎండ ఎక్కేలోపు కొండ మీద ఉండాలి. చిన్నపిల్లలుంటే సాయంత్రం నడక అసలు వద్దు. 2023 ఆగస్టులో అలిపిరి దారిలో చిరుత దాడిలో ఆరేళ్ల పాప చనిపోయింది, ఆ తర్వాత పిల్లలతో వెళ్లే వేళల మీద ఆంక్షలు పెట్టారు. బయల్దేరే ముందు ఆ రోజు నిబంధన ఏమిటో కనుక్కోండి, దారిలో పిల్లల చెయ్యి వదలకండి.

ఇంట్లో పని మాటకొస్తే, వచ్చినవాళ్లకు సిగ్గుపడకుండా పని చెప్పండి. పొద్దున టిఫిన్ ఒకరు, రాత్రి అన్నం ఒకరు, గిన్నెలు పిల్లలు. సంగటి, చెనక్కాయల చట్నీ, మజ్జిగ పెడితే చాలు, పదిమందికి మూడు కూరలు ఎండాకాలంలో ఎవరూ అడగరు. మేడ మీద చాపలు వేసి అందరూ ఒకచోట పడుకుంటే పిల్లలకు దాన్ని మించిన క్యాంపు లేదు.

ఒక్కరోజులో వెళ్లొచ్చే చోట్లు చెప్పండి. తలకోన వెళ్లొచ్చా?

తలకోన జలపాతం 270 అడుగులు, రాష్ట్రంలో ఇదే ఎత్తయినదని చెబుతారు, కానీ నిండు మేలో ధార బాగా సన్నబడుతుంది. ఫొటోల్లో చూసినంత నీళ్లుంటాయని పిల్లలకు ముందే ఆశ పెట్టకండి. అడవి చల్లదనం కోసం, చెట్ల కింద భోజనం కోసం అయితే హాయిగా వెళ్లొచ్చు. భాకరాపేట ఘాట్ మీదుగా పొద్దున ఆరింటికి బయల్దేరి మధ్యాహ్నానికి తిరిగొచ్చేయండి. నీళ్లు కావాలంటే నారాయణవనం దగ్గర కైలాసకోన నయం, అక్కడ ఏడాది పొడవునా ధార ఉంటుంది. కపిలతీర్థం జలపాతం వానలకే గానీ ఇప్పుడు ఉండదు.

చంద్రగిరి కోట దగ్గరే, అయినా ఊళ్లోవాళ్లే సరిగా చూడరు. విజయనగర రాజుల చివరి రాజధానుల్లో ఒకటి. 1639లో ఇంగ్లీషు కంపెనీవాళ్లకు మద్రాసులో స్థలం దక్కింది చంద్రగిరి రాజుల కాలంలోనే. అది చెప్పి రాజమహల్ చూపిస్తే పిల్లలు వేరేలా చూస్తారు. శుక్రవారం మ్యూజియం మూసి ఉంటుంది.

నాకు బాగా ఇష్టమైనది మాత్రం శ్రీకాళహస్తి. గుడి చూసుకుని వచ్చేయకుండా కలంకారీ వేసేవాళ్ల దగ్గర ఒక గంట కూర్చోబెట్టండి, ముందు అడిగి వెళ్తే చూపిస్తారు. గుడ్డను కరక్కాయ, పాలలో నానబెట్టి ఆరబెట్టడం, పాత ఇనుమును బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరబెట్టి నల్లరంగు తీయడం, వెదురు పుల్లకు గుడ్డ చుట్టి దానితో గీయడం, ఇవన్నీ కళ్ల ముందు చూస్తే సైన్సు పాఠం, డ్రాయింగ్ క్లాసు రెండూ అయిపోయినట్టే. తిరిగి వచ్చాక ఇంట్లో తుప్పు మేకులు, బెల్లం పెట్టి సొంతంగా రంగు చెయ్యాలని చూస్తారు, చెయ్యనివ్వండి. వచ్చేదారిలో ఏర్పేడు దగ్గర పక్కకు తిరిగితే గుడిమల్లం. అక్కడి శివలింగం క్రీస్తు పూర్వానిదని పండితులు చెబుతారు, జనం తక్కువ, ప్రశాంతంగా ఉంటుంది.

ఊళ్లోనే అంటే అలిపిరి దగ్గర ప్రాంతీయ విజ్ఞాన కేంద్రం మధ్యాహ్నానికి బాగుంటుంది, పదకొండులోపే లోపలికి చేరిపోతే నీడలో ఉంటారు. జూ పార్కుకు మాత్రం తెరవగానే వెళ్లండి, పది దాటితే జంతువులు కూడా బయటికి రావు.

ఊటీ, కొడైకెనాల్‌కు బడ్జెట్ లేదు. దగ్గర్లో చల్లటి చోటు ఉందా?

హార్స్‌లీ హిల్స్. మదనపల్లె దగ్గర, సముద్రమట్టానికి దాదాపు 1,265 మీటర్ల ఎత్తు. కడప కలెక్టర్‌గా పనిచేసిన హార్స్‌లీ అక్కడ బంగళా కట్టుకున్నాడు కాబట్టి ఆ పేరు, అంతకుముందు నుంచీ మనవాళ్లకు అది ఏనుగు మల్లమ్మ కొండ. పగలు ఎండ ఉంటుంది గానీ రాత్రికి దుప్పటి కావాలి. గదులు తక్కువ, మేలో శని ఆదివారాలు దొరకవు, అందుకే మధ్య వారంలో ఒక రాత్రి పెట్టుకోండి. దారిలో మదనపల్లెలో బీసెంట్ థియొసాఫికల్ కాలేజీ ఉంది. 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ జనగణమనను ఇంగ్లీషులోకి అనువదించింది అక్కడే. పలమనేరు, కుప్పం వైపు చుట్టాలుంటే ఇంకా మంచిది, పడమటి మండలాల్లో సాయంత్రాలు తిరుపతి కంటే బాగా చల్లగా ఉంటాయి.

గంగ జాతరకు ఊళ్లో ఉండాలా, ఆ వారం వేరే ఊరు వెళ్లొచ్చా?

ఉండండి. మే నెలలో ఒక వారం జరిగే తాతయ్యగుంట గంగమ్మ జాతరను వదిలేసి వెళ్తే పిల్లలు తిరుపతిలో పెరిగి ఏం లాభం? చాటింపు వేశాక ఊరి పొలిమేర దాటి రాత్రి ఉండకూడదని పాత ఇళ్లల్లో ఇప్పటికీ పాటిస్తారు, కాబట్టి రైలు టికెట్లు చేసే ముందే జాతర తేదీలు చూసుకోండి. ఒక్కో రోజు ఒక్కో వేషం. బైరాగి వేషానికి ఒంటికి నామం సుద్ద, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు, దొర వేషానికి చందనం, తర్వాత మాతంగి, సున్నపు కుండలు. ఆడపిల్లల్ని చెరబట్టే పాలెగాణ్ణి వెతకడానికి గంగమ్మ ఇన్ని వేషాలు వేసిందని కథ. గంగమ్మను వెంకటేశ్వరస్వామి చెల్లెలంటారు కాబట్టి తిరుమల నుంచి ఆమెకు సారె వస్తుంది. మగవాళ్లు చీర కట్టి, జడ వేసుకుని వీధుల్లో తిరగడం చూసి చిన్నపిల్లలు అడిగే ప్రశ్నలకు అవ్వ దగ్గర కూర్చోబెట్టి జవాబు చెప్పించండి. వేషం వేయించాలనుకుంటే పొద్దున్నే వేయించి గుడికి తీసుకెళ్లి, తొమ్మిదికల్లా స్నానం చేయించేయండి.

తిండి, నీళ్ల విషయంలో ఏం జాగ్రత్తలు?

పొద్దున రాగి అంబలి, మధ్యాహ్నం మజ్జిగ, బయటికి వెళ్లొస్తే నన్నారి షర్బత్. ముంజలు దొరికినన్నాళ్లు తినండి. కూల్‌డ్రింకులు ఇంటికి తేకపోతే అడిగేవాళ్లే ఉండరు.

విరేచనాలు పట్టుకుంటే ఓఆర్ఎస్ ప్యాకెట్ మొత్తాన్ని దాని మీద రాసినన్ని నీళ్లలో (పెద్ద ప్యాకెట్‌కు లీటరు) కలపాలి, కొంచెం కొంచెం గ్లాసులో వేసుకోవడం తప్పు. ప్యాకెట్ లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చిన్న చెంచాతో, తలకొట్టి. ఎండలో తిరిగొచ్చిన మనిషి ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతూ, తికమకగా ఉంటే అది వడదెబ్బ. నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్లు పోసి విసురుతూ 108కి ఫోన్ చేయండి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పోయకండి.

మామిడి మన జిల్లా పంట, దాని గురించి చెప్పకపోతే ఎట్లా. బేనిషా (బంగినపల్లి) మే నెలలో బాగా వస్తుంది, తోతాపురి అసలు జోరు జూన్‌లోనే, ఎక్కువ భాగం గుజ్జు ఫ్యాక్టరీలకు పోతుంది. తెలిసిన తోట ఉంటే పిల్లల్ని కోతకు తీసుకెళ్లండి, లేకపోతే దామలచెరువు మండీ చూపించండి. దోరగా ఉన్నవి తెచ్చి గడ్డిలో మగ్గేసుకోవడం మేలు. కార్బైడ్‌తో మగ్గబెట్టడం చట్టప్రకారం నిషేధం, అయినా పైన పసుపు, లోపల పులుపు ఉన్న కాయలు సీజన్ మొదట్లో కనిపిస్తూనే ఉంటాయి. తొందరపడి ఏప్రిల్ మొదట్లో కొనొద్దు.

ఇద్దరం ఉద్యోగాలకు వెళ్తాం. పిల్లల్ని పల్లెలో అవ్వాతాతల దగ్గరికి పంపొచ్చా?

తప్పకుండా పంపండి. పదిహేను రోజులు వాళ్ల దగ్గర ఉంటే పిల్లలకు ఆవును, కోడిని, చేనును పట్టుకుని చూసే అవకాశం ఉంటుంది, పెద్దవాళ్లకు ఇల్లు నిండుగా ఉంటుంది. కానీ మూడు మాటలు మొహమాటం లేకుండా చెప్పి పంపండి.

మొదటిది నీళ్లు. ప్రతి ఎండాకాలం బావుల్లో, చెరువుల్లో, క్వారీ గుంతల్లో ఈతకని దిగిన పిల్లలు చనిపోయిన వార్తలు చదువుతూనే ఉన్నాం. పూల్‌లో ఈత వచ్చిన పిల్లాడికి బావిలో ఈత వచ్చినట్టు కాదు, చెరువు అడుగున మట్టి తవ్విన గుంతలు పైకి కనిపించవు. పెద్దవాళ్లు దగ్గర లేకుండా దిగకూడదు, స్నేహితుడు మునిగిపోతుంటే దూకకుండా తాడో, కొమ్మో, చీరో విసిరి కేకలు వెయ్యాలి. ఈ ఒక్కటి పిల్లలతో పదిసార్లు చెప్పించండి. రెండోది పాములు, రాత్రి టార్చి, చెప్పులు లేకుండా బయటికి వెళ్లొద్దు. మూడోది అవ్వాతాతల ఆరోగ్యం. డెబ్బై ఏళ్ల మనిషి మీద నలుగురు పిల్లల్ని నెల రోజులు వదిలేయడం న్యాయం కాదు. బీపీ, షుగర్ మందులు నెలకు సరిపడా మీరే కొనిచ్చి రండి, శని ఆదివారాలు మీరు వెళ్లండి.

ఖర్చు అదుపులో ఉండాలంటే?

ఒక పెద్ద ప్రయాణం, ఒక క్యాంపు, మిగతావన్నీ ఆర్టీసీ బస్సులో. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం, గుర్తింపు కార్డు పెట్టుకుంటే చాలు.

ప్లాన్ చేసిన రోజే గాలివాన వస్తే?

మేలో సాయంత్రం పూట వచ్చే అవకాశం ఎక్కువే. చెట్ల కింద, హోర్డింగుల కింద నిలబడకండి. ప్రోగ్రాం మర్నాడికి మార్చుకోండి, అందుకే వారంలో రెండు రోజులు ఏమీ పెట్టుకోకుండా ఖాళీగా ఉంచమంటాను.

స్కూలు తెరిచే ముందు ఏమేం చూసుకోవాలి?

జూన్ మొదటి వారంలో ఊరి నుంచి తిరిగొచ్చేయండి. పడుకునే టైం రోజుకు పావుగంట చొప్పున ముందుకు జరపండి, జూన్ 11 రాత్రి ఒక్కసారిగా తొమ్మిదింటికే పడుకోమంటే నిద్ర రాదు. ప్రభుత్వ బడి పిల్లలకు పుస్తకాలు, బ్యాగు, యూనిఫాం గుడ్డ, బూట్లు కిట్‌లో ఇస్తారు కాబట్టి బజార్లో ముందే కొనేయకండి. బూట్ల సైజు మాత్రం కొత్తగా కొలిచి టీచర్‌కు చెప్పండి, సెలవుల్లో పిల్లల కాళ్లు పెరుగుతాయి. కళ్ల పరీక్ష, పంటి డాక్టర్ లాంటివి మే నెలాఖరులోనే ముగించుకోండి, జూన్‌లో అందరూ ఒకేసారి వస్తారు.